పాత ఉన్ని, కొత్త దుప్పటి

పానిపట్టు అనగానే బడిలో చదువుకున్న మూడు యుద్ధాలు గుర్తొస్తాయి: 1526, 1556, 1761. ఢిల్లీకి ఉత్తరాన సుమారు తొంభై కిలోమీటర్ల దూరంలో, హర్యానాలో ఉన్న ఆ ఊరికి ఇప్పుడు వేరే కారణంగా పేరుంది. అమెరికాలో, యూరప్‌లో విప్పేసిన స్వెటర్లు, కోట్లు, మఫ్లర్లు బేళ్లకు బేళ్లుగా ఓడలెక్కి గుజరాత్ రేవుల్లో దిగుతాయి. అక్కణ్ణుంచి లారీల్లో పానిపట్టు చేరి, చిరిగి, పోగులై, దారమై, చివరికి దుప్పట్లుగా బయటపడతాయి. పాత బట్టల నుంచి తీసిన ఈ ఉన్నిని వ్యాపారంలో షాడీ అంటారు. తుపాను, భూకంపం, వరద ఎక్కడొచ్చినా బాధితుల భుజాల మీద కప్పే ముతక దుప్పట్లలో చాలా భాగం ఏళ్ల తరబడి ఈ ఊరివే.

ఈ పోగు మంచిదా చెడ్డదా అన్న వాదన ఒక తెలుగు కుటుంబంలో తెగడం లేదు. మామగారు వరంగల్ మనిషి, పానిపట్టు స్పిన్నింగ్ మిల్లులో నాణ్యత చూసే విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన అక్క కూతురు పశువైద్యురాలు. సంగారెడ్డి, మెదక్ వైపు గొర్రెలకాపరుల మధ్య తిరుగుతుంటుంది. ఇద్దరికీ ఉన్ని అంటే ప్రాణమే. ఏ ఉన్ని అన్న దగ్గరే పేచీ.

"ఒక్క మాట చెప్పండి మామా," అంది ఆమె. "ఎవరో వాడి పడేసిన స్వెటర్‌ను సముద్రాలు దాటించి తెచ్చి, చింపి, మళ్లీ నేసి, ఉన్ని దుప్పటి అని అమ్మడం న్యాయమేనా?"

"స్వెటర్ పాతబడింది బిడ్డా. లోపలి ఉన్ని పాతబడలేదు. మోచేతి దగ్గర చిరిగిన స్వెటర్‌కు వీపు మీద పోగు కొత్తదానిలాగే ఉంటుంది. దాన్ని మట్టిలో కప్పెట్టడమా, మళ్లీ దారం తీయడమా? ఇంగ్లండ్ వాళ్లు ఈ ప్రశ్నకు రెండు వందల ఏళ్ల కిందటే జవాబు చెప్పారు."

ఆయన చెప్పింది యార్క్‌షైర్‌లోని బాట్లీ అనే ఊరి సంగతి. 1813లో అక్కడ బెంజమిన్ లా అనే బట్టల తయారీదారు పాత ఉన్ని పేలికల్ని చీల్చి, వచ్చిన పోగును కొత్త ఉన్నితో కలిపి వడికాడు. అవి నెపోలియన్ యుద్ధాల రోజులు. సైన్యాలకు గుడ్డ కావాలి, ఉన్నేమో చాలడం లేదు. తర్వాత ఇరవై ఏళ్లకు గట్టిగా నేసిన కోటు గుడ్డల్ని, దర్జీలు కత్తిరించి పడేసిన ముక్కల్ని కూడా చీల్చడం నేర్చుకున్నారు. ఆ రకానికి మంగో అని పేరొచ్చింది. పక్కనున్న డ్యూస్‌బరీలో పేలికలకు వేలంపాటలు జరిగేవి, యూరప్ నలుమూలల నుంచీ గుడ్డపీలికలు అక్కడికి చేరేవి. 1860 నాటికి శామ్యూల్ జబ్ అనే ఆయన ఈ వ్యాపారం చరిత్రను ఏకంగా పుస్తకంగా రాశాడంటే అది ఎంత పెరిగిందో ఊహించుకోవచ్చు.

"1860తో ఆపేస్తారేం? 1861 కూడా చెప్పండి," అంది మేనకోడలు. "అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. న్యూయార్క్ వాలంటీర్లకు హడావిడిగా యూనిఫాంలు కుట్టించారు. కొన్నాళ్లకే అతుకులు విడిపోయాయి, వానకు గుడ్డ పిగిలిపోయింది. వాటిలో ఉన్నది మీ షాడీయే. అంతకుముందే, 1845లో, ఇంగ్లండ్ కార్మికుల బతుకు మీద రాసిన పుస్తకంలో ఎంగెల్స్ దీన్ని ఎత్తి చూపాడు. పేలికలు చీల్చే యంత్రం నుంచి లేచే దుమ్మును జనం దయ్యపు దుమ్ము అనేవాళ్లు. పేదవాడి ఒంటి మీదికి వచ్చే గుడ్డ అమ్ముకోవడానికే తప్ప తొడుక్కోవడానికి పనికిరాదని ఆయన బాధ."

"కాంట్రాక్టరు మోసం చేస్తే పోగును తిట్టి ఏం లాభం? ఎంత కలపాలో అంత కలిపితే ఆ గుడ్డ నిలిచేది."

ఇక్కడ మామగారి మాటలో నిజముంది. ఆ నిజం అర్థం కావాలంటే పోగు పొడవు చూడాలి. గొర్రె ఒంటి మీంచి కత్తిరించిన మంచి ఉన్ని పోగు రెండు మూడు అంగుళాలుంటుంది. వదులుగా అల్లిన స్వెటర్‌ను చీలిస్తే అంగుళం దాకా మిగులుతుంది. గట్టిగా నేసి, తడిపి కుదించిన కోటు గుడ్డను చీలిస్తే అర అంగుళానికి పడిపోతుంది. పొట్టి పోగులు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. దారం సన్నగా తీస్తే తెగుతుంది, అందుకే లావుగా తీయాలి. లోపల కొంత కొత్త ఉన్నో, కొంచెం నైలానో వేస్తే ఆ పొడుగు పోగులు పొట్టి పోగుల్ని మోస్తాయి. నేశాక గుడ్డను తడిపి ఒత్తిడి పెడితే ఉన్ని పోగు మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని గుడ్డ దట్టమవుతుంది. పైన నూగు లేపితే మెత్తగా, వెచ్చగా ఉంటుంది. ఈ లెక్క తప్పినచోట గుడ్డ పిగిలింది, కుదిరినచోట ఏళ్ల తరబడి నిలిచింది.

మామగారికి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం రంగులు వేరుచేయడం. మిల్లులోకి వచ్చిన బట్టలు ముందు రంగుల వారీగా గుట్టలవుతాయి. ఎరుపొక గుట్ట, నీలమొక గుట్ట, గోధుమరంగు, బూడిదరంగు, నలుపు. ఎరుపులో మళ్లీ ముదురు, లేత, కాషాయం వైపు మొగ్గినవి. "రంగు ముందే ఉంది కదా! ఎర్ర స్వెటర్లను చీలిస్తే ఎర్ర పోగే వస్తుంది. అద్దకం కుండీ అక్కర్లేదు, మరిగే నీళ్లక్కర్లేదు. ఇటలీలో ప్రాటో అని ఊరుంది. అక్కడ పేలికలు వేరుచేసే పనివాళ్లు గుడ్డను వేళ్ల మధ్య నలిపి ఇది కాశ్మీరీ మేక ఉన్ని, ఇది గొర్రె ఉన్ని, ఇందులో కల్తీ ఉంది అని చెప్పేవాళ్లు. నాలుగైదు రంగుల పోగుల్ని పాళ్లు కట్టి కలిపి కొనేవాడు అడిగిన ఛాయ తెప్పిస్తారు. చిత్రకారుడు చేసే పనే అది."

పత్తి విషయంలో ఇంకో ఒడుపుంది. ఉన్ని కోటును పత్తి దారంతో కుట్టి ఉంటారు, లోపల పత్తి అస్తరు ఉంటుంది. ఆ పత్తి చివరి దారం దాకా పోవాలి. గుడ్డల్ని పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి, పిండి, ఆరబెట్టి, వేడి గదిలో పెడతారు. ఉన్ని ఆమ్లాన్ని తట్టుకుంటుంది, పత్తి తట్టుకోలేదు. కుట్టు దారాలు నల్లగా మాడి, వేళ్లతో నలిపితే పొడి అయిపోతాయి. దులిపితే ఆ పొడి రాలిపోయి ఉన్ని ఒక్కటే మిగులుతుంది. తర్వాత మిగిలిన ఆమ్లాన్ని విరగ్గొట్టి కడుగుతారు. ఒళ్లంతా ఉక్కు పళ్లున్న డ్రమ్ము మీదికి ఆ గుడ్డను నూనె జల్లి పంపితే అవతల పక్క ఉన్ని మబ్బులా రాలుతుంది.

"పళ్ల డ్రమ్ము గురించి చెప్పారు. దాని ముందు కూర్చునేవాళ్ల గురించి చెప్పరు," అంది ఆమె.

ఈ దృశ్యం తెలిసిందే. మేఘనా గుప్తా 2012లో తీసిన 'అన్‌రావెల్' అనే చిన్న డాక్యుమెంటరీలో పానిపట్టు ఆడవాళ్లు కనిపిస్తారు. నేల మీద కూర్చుని, మన కత్తిపీటలా నిలువుగా బిగించిన కత్తికి బట్టను ఆనించి చీరుతూ గుండీలు, జిప్పులు, లేబుళ్లు వేరుచేస్తుంటారు. చుట్టూ బట్టల కొండలు. కొత్తగా ఉన్న ఈ బట్టల్ని విదేశాలవాళ్లు ఎందుకు పారేస్తున్నారో ఆ ఆడవాళ్లకు అంతుబట్టదు. బహుశా అక్కడ నీళ్లు కరువేమో, ఉతకడం కన్నా కొనడమే చవకేమో అని తమలో తాము అనుకుంటారు. వాళ్లు అనుకున్న మాట నన్ను చాలాకాలం వదల్లేదు. తప్పు వాళ్ల ఊహలో లేదు, అంత మంచి బట్టను విసిరేసిన అలవాటులో ఉంది.

"ఆ గదుల్లో నూగు గాల్లో తేలుతూనే ఉంటుంది," అంది పశువైద్యురాలు. "ముక్కుకు కొంగు కట్టుకుంటారు. ఊపిరితిత్తులకు కొంగు చాలదు. భూమిని కాపాడుతున్నాం అని పెద్ద మాట అనేముందు ఆ గదిలో దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించండి."

"ఒప్పుకుంటాను. దుమ్ము లాగే యంత్రం ఖర్చు మిగుల్చుకున్న యజమానిని నేనూ సమర్థించను. కానీ కొత్త ఉన్నికి ఆ పాపం అంటలేదనుకోకు. నువ్వు పశువుల డాక్టరువి, దొమ్మ వ్యాధి నీకు తెలియందా? యార్క్‌షైర్‌లోనే బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్ని వేరుచేసేవాళ్లు ఉన్నట్టుండి జ్వరంతో, ఆయాసంతో ఒకటి రెండు రోజుల్లో పోయేవాళ్లు. అది దొమ్మేనని 1880 ప్రాంతంలో జాన్ హెన్రీ బెల్ అనే డాక్టరు తేల్చాడు. ఆ క్రిములు వచ్చింది పేలికల్లో కాదు, బయటి దేశాల నుంచి దిగిన పచ్చి బొచ్చులో."

ఆమె ఈ మాటకు ఎదురు చెప్పలేదు. దొమ్మ టీకాలు వేస్తూ తిరిగే మనిషికి ఆ వ్యాధి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆమె లేచి బీరువాలోంచి బూడిదరంగు దుప్పటి ఒకటి తెచ్చింది. చలికాలంలో ఊళ్లో పంచిన వాటిలో మిగిలిన దుప్పటి అది. అంచుకు కుట్టిన చీటీ మీద ఉన్ని దుప్పటి అనే ఉంది. అంచు నుంచి ఒక దారం లాగి, పురి విప్పి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల గీసింది.

దారం అంటుకుంది. ముందు వెంట్రుక కాలిన వాసన వచ్చింది, అది ఉన్ని గుర్తు. వెంటనే దాని మీద ఇంకో ఘాటు వాసన. మంట ఆరాక కొస మీద నల్లటి పూస ఒకటి గట్టిగా మిగిలింది. ఉన్ని ఒక్కటే అయితే వేళ్లతో నలిపితే బూడిద అయిపోవాలి. ఈ పూస నలగలేదు.

"యాక్రిలిక్," అంది. "మనం కాష్మిలాన్ అనుకునే సరుకు. చీటీ మీద దాని పేరు లేదు."

మామగారు ఆ పూసను అరచేతిలో వేసుకుని చూశాడు. వాదనంతటిలో ఆయన గొంతు తగ్గింది ఇక్కడే. "మా పనిని దెబ్బతీసింది ఇదే. పత్తిని ఆమ్లంతో మాడ్చి తీసేయొచ్చు. యాక్రిలిక్ ఆ ఆమ్లానికి చలించదు. ఒకసారి ఉన్నితో కలిసి అల్లాక చవకగా విడదీసే దారి లేదు. యాభైల్లో యాక్రిలిక్ బజారులోకి వచ్చింది. ఆ తర్వాత ఏటేటా స్వెటర్లో ఉన్ని తగ్గుతూ పోయింది, మా బేళ్లలోనూ తగ్గింది. గుట్టలో చెయ్యి పెట్టి ఉన్ని ఏరుకునే రోజులు పోయి, ఉన్నిని వెతుక్కునే రోజులొచ్చాయి. ఆ పైన పాలిస్టర్ ఫ్లీస్ దుప్పట్లు వచ్చాయి. తేలిక, మెత్తన, రంగులు మెరుస్తాయి. పానిపట్టులోనే చాలామంది షాడీ మగ్గాలు ఆపి ఫ్లీస్ యంత్రాలు పెట్టుకున్నారు."

"మరి ఫ్లీసే ఇస్తే పోదా?"

"సహాయ శిబిరంలో డేరా ఉంటుంది, పక్కనే పొయ్యి ఉంటుంది. నిప్పురవ్వ పడితే ఉన్ని మాడి ఆరిపోతుంది. పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. తడిసిన రాత్రి సంగతి కూడా చూడు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. పేదవాడికి ఇచ్చేది వీటన్నిటికీ నిలవాలి."

నా దృష్టిలో ఈ సంవాదంలో తూకం వేయాల్సిన మాట ఇదే. షాడీని చెడగొట్టింది పాతదనం కాదు, చెప్పకుండా కలపడం. 1861 యూనిఫాంలోనూ అదే జరిగింది, ఈ దుప్పటి అంచున మిగిలిన నల్లపూసలోనూ అదే ఉంది. అమెరికావాళ్లు దీన్ని చట్టంతో పట్టుకోవాలని చూశారు. 1939 నాటి ఉన్ని ఉత్పత్తుల లేబులింగ్ చట్టం ఉన్నిని మూడు రకాలుగా విడదీసింది: కొత్తది; మిల్లులో మిగిలిన, ఎవరూ వాడని గుడ్డను చీల్చి తీసినది; జనం వాడిన బట్టను చీల్చి తీసినది. ఏది ఎంత శాతమో చీటీ మీద రాయాలి. 1980లో సవరణ చేసి చివరి రెండు రకాల్నీ ఒకే పేరు కింద కలిపేశారు.

"ఆ సవరణ నాకు నచ్చలేదు," అంది మేనకోడలు. "ఫ్యాక్టరీ కత్తిరింపు ముక్క వేరు, మనిషి పదేళ్లు తొడిగిన కోటు వేరు. పాత కోటులో రంగులుంటాయి. వెనకటి ముదురు నీలాల్లో, నలుపుల్లో క్రోమియంతో పట్టించినవి ఉండేవి. కొన్ని అజో రంగుల్ని జర్మనీ 1994లో నిషేధించింది, తర్వాత మన దేశమూ నిషేధించింది. నిషేధానికి ముందు అద్దిన కోటు ఇప్పుడు మీ డ్రమ్ములో పడితే ఆ రంగు కొత్త దుప్పట్లోకి వస్తుంది. అద్దకం అక్కర్లేదని మురిసిపోయారు కదా, ఎవరు ఎప్పుడు అద్దిన రంగో తెలియకపోవడం దానికి రెండో వైపు."

"అందుకే పరీక్ష ఉండాలి. ప్రాటోవాళ్లు కార్డాటో రీసైకిల్డ్ అని ముద్ర పెట్టుకున్నారు. ఆ ముద్ర కావాలంటే గుడ్డలో కనీసం 65 శాతం పాత సరుకు ఉండాలి, ఆ ప్రాంతంలోనే తయారవ్వాలి, నీళ్లు, కరెంటు, కార్బన్ లెక్క చూపించాలి. పానిపట్టు కూడా అలాంటి ముద్ర సంపాదించుకోవాలి."

ఆ తర్వాత వాదన అసలు గొడవకు వచ్చింది. పశువైద్యురాలి మనసులో ఉన్నది పానిపట్టు కాదు, దక్కని గొర్రె. 2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.4 కోట్ల గొర్రెల్లో 1.9 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. దేశపు గొర్రెల్లో దాదాపు సగం మనవే. అయినా ఉన్నిలో పేరు రాజస్థాన్‌ది. మన గొర్రె మాంసం కోసం. నెల్లూరు జాతికి ఒంటి మీద వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు. ఉన్నిచ్చే నల్ల దక్కని గొర్రె మందల్లో తగ్గిపోతోంది. ఉన్నవాటికి బొచ్చు కత్తిరించడం కూడా కాపరికి ఖర్చే.

"కురుమల ఇళ్లలో ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు గుంటమగ్గం మీద గొంగడి నేసేవాళ్లు," అంది. "చింతగింజల గంజి పెడితే దారం బిగుసుకుంటుంది. వానకు గొడుగు, చలికి దుప్పటి, మంద దగ్గర పక్క, అన్నీ ఆ గొంగడే. ఇప్పుడు కత్తిరించిన బొచ్చును అడిగే దిక్కులేక చేను గట్టున పారబోస్తున్న కాపరులున్నారు. ఇక్కడి కొత్త ఉన్ని మట్టిపాలవుతుంటే విదేశాల పాత ఉన్ని కోసం ఓడలు తెప్పించడం ఏం వివేకం మామా?"

"గొర్రె పొట్టలోంచి మీథేన్ వస్తుంది, పచ్చి బొచ్చును కడగడానికి వేడినీళ్లు కావాలి. పాత ఉన్నికి ఆ ఖర్చంతా ఎప్పుడో అయిపోయింది."

"మీథేన్ లెక్క మాంసం ఖాతాలో రాయండి. మన గొర్రెను ఉన్ని కోసం ఎవరూ పెంచడం లేదు. మీరు వాడినా వాడకపోయినా ఆ బొచ్చు పెరుగుతూనే ఉంటుంది. స్వెటర్‌లాగే అదీ అప్పటికే ఉన్న సరుకు."

ఈ జవాబుకు మామగారి దగ్గర గట్టి సమాధానం లేదు. ఉన్నదల్లా సాంకేతికమైన అభ్యంతరం. దక్కని ఉన్ని ముతక. మధ్యలో బోలుగా ఉండే గరుకు వెంట్రుకలు కలిసి ఉంటాయి, అవి రంగు పట్టవు, ఒంటికి గుచ్చుకుంటాయి. దానితో స్వెటర్ చేస్తే ఎవరూ తొడగరు. "దుప్పటికైతే..." అని ఆయనే ఆగాడు. షాడీకి ఎప్పుడూ కావాల్సింది పొట్టి పోగుల్ని మోసే పొడుగాటి కొత్త పోగు. నలుపు, బూడిదరంగు సహాయ దుప్పట్లలో ముతకదనం పెద్ద లోపం కాదు. నల్ల ఉన్నికి అద్దకమూ అక్కర్లేదు. బొచ్చును ఊళ్ల నుంచి పోగుచేసేవాళ్లు, దగ్గర్లో కడిగే చోటు, ఉత్తరాదికి లారీ కిరాయి, ఈ మూడూ గిట్టుబాటు కావాలి. "గిట్టదనే అనుకుంటాను," అన్నాడాయన. "ఎవరైనా లెక్క కట్టి చూశారా?" అంది ఆమె. ఆ లెక్క మీద ఇద్దరికీ పొసగలేదు.

ఒక్క చోట మాత్రం ఇద్దరూ కలిశారు. చీల్చగా చీల్చగా దారానికి పనికిరాని నూగు మిగులుతుంది. ఉన్నిలో నత్రజని దాదాపు 16 శాతం. యార్క్‌షైర్‌లో లీడ్స్, వేక్‌ఫీల్డ్ మధ్య రూబార్బ్ పండించే రైతులు ఆ మిల్లు నూగును తరతరాలుగా ఎరువుగా వేశారు. మట్టిలో నెమ్మదిగా కరుగుతూ పోషకం ఇస్తుంది. ఇది వినగానే ఆమె మొహం విప్పారింది. చేను గట్టున పారబోసిన బొచ్చుకు కూడా కనీసం ఈ దారి ఉందన్నమాట. అయితే యాక్రిలిక్ కలిసిన నూగుతో ఆ పని జరగదు. అది మట్టిలో కరగదు, పొలంలో ప్లాస్టిక్ చల్లినట్టే.

యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2025 జనవరి 1 నుంచి పాత బట్టల్ని చెత్తలో కలపకుండా విడిగా సేకరించాలన్న నిబంధన వచ్చింది. అంటే బేళ్లు పెరుగుతాయి. వాటిలో ఉన్ని పెరుగుతుందన్న భరోసా లేదు. చవక బట్టలే ఎక్కువ కాబట్టి పాలిస్టర్, యాక్రిలిక్ మరింత వస్తాయి. పోగు ఏదో కాంతితో క్షణంలో గుర్తుపట్టే పరారుణ యంత్రాలు యూరప్ గోదాముల్లో పని మొదలుపెట్టాయి. అలాంటివి పానిపట్టుకూ రావాలి, వాటితోపాటు దుమ్ము లాగే ఫ్యాన్లూ రావాలి. మొదటిదానికి డబ్బు పెట్టి రెండోదానికి పెట్టని యజమాని సరుకును ఏ సహాయ సంస్థా కొనకూడదు.

కొనేవాళ్లుగా మనం చేయగలిగింది కూడా ఉంది. చలికాలంలో దుప్పట్లు పంచే సంఘాలు, ఆలయ కమిటీలు, కంపెనీలు వందల లెక్కన ఆర్డరిస్తాయి. ఆర్డరిచ్చేటప్పుడు మూడు అంకెలు రాతపూర్వకంగా అడగండి: కొత్త ఉన్ని ఎంత శాతం, పాత ఉన్ని ఎంత, యాక్రిలిక్, పాలిస్టర్ ఎంత. నమూనా దుప్పటి అంచు నుంచి ఒక దారం తీసి, పట్టకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. కొస మీద నలగని నల్లపూస మిగిలి, చీటీ మీద ఉన్ని అని మాత్రమే ఉంటే ఆ సరుకు తిప్పి పంపండి.